డీజే మోత కొలవడానికి ఏది మేలు: ఫోనా, మీటరా? ‘ఏ’ లెక్కా, ‘సీ’ లెక్కా?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నల్లగొండ గల్లీల్లో బరాత్‌ల మోత మొదలు. "బేస్ కొట్టుడు షురువైతే అర్రల బోళ్లన్నీ గలగలమంటున్నయి" అని ఇంట్లోవాళ్లు మొత్తుకుంటారు. పెళ్లివాళ్ల తరఫున ఒకరు ఫోన్‌లో యాప్ తెరిచి, "70 డెసిబెల్స్ కూడా దాటలేదు గదనే" అంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. తేడా కొలతలో ఉంది.

ముందు ఫోన్ సంగతి. దాని మైకు మనిషి మాట కోసం తయారైంది. లోతైన బేస్‌ను చాలా ఫోన్లు సరిగ్గా పట్టవు, మోత మరీ పెరిగితే కొన్ని వాటంతటవే తగ్గించుకుంటాయి. ఒకేచోట రెండు ఫోన్లు రెండు అంకెలు చూపడం మామూలే. ఒకే ఫోన్‌తో, ఒకే చోట నిలబడి, సౌండు తగ్గించక ముందు ఎంత, తగ్గించాక ఎంత అని పోల్చుకోవడానికి అది చాలు. పంచాయితీకి మాత్రం పనికిరాదు. దానికి శబ్దం కొలిచే మీటరే కావాలి. కొనేటప్పుడు ఐఈసీ 61672 (ఇలాంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం) క్లాస్ 2 అని రాసి ఉందా, ‘ఏ’, ‘సీ’ లెక్కలు (బేస్‌ను ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే సెట్టింగ్‌లు) రెండూ ఉన్నాయా చూసుకోండి. 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర 94 డెసిబెల్స్ ఇచ్చే కాలిబ్రేటర్‌తో సరిచూడని మీటర్‌ను నేను నమ్మను.

అసలు చిక్కు ఆ ‘ఏ’, ‘సీ’ దగ్గరే. సన్నటి చప్పుడులో మన చెవికి బేస్ సరిగ్గా వినపడదని అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లో గీసిన గీతలు చూపించాయి. ‘ఏ’ లెక్క అలాంటి చెవిని అనుకరిస్తుంది, అందుకే బేస్‌ను బాగా కోసేస్తుంది. కానీ మోత పెరిగేకొద్దీ చెవి బేస్‌ను కూడా దాదాపు పూర్తిగా వింటుంది. ‘సీ’ లెక్క దానికి దగ్గర. డీజే బండి సబ్‌ఊఫర్ (బేస్ కొట్టే స్పీకర్) నుంచి 63 హెర్ట్జ్ దరువు మీ కిటికీ దగ్గరికి 90 డెసిబెల్స్‌తో వచ్చిందనుకోండి. ‘సీ’లో మీటర్ 89 చూపిస్తుంది, ‘ఏ’లో 64. బోళ్లు మోగేది ఆ 89కి, పెళ్లివాళ్లు చూపించేది ఈ 64ని.

మరి ‘ఏ’ను వదిలేద్దామా? వద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ‘ఏ’ లెక్కలోనే ఉన్నాయి: నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. పైగా అవి సగటు అంకెలు, ఒక్క క్షణం ఎగిసిన అంకె కాదు. కాబట్టి ఫిర్యాదుకు ‘ఏ’, బాధ తెలియాలంటే ‘సీ’. రెండూ రాసుకోండి. వాటి మధ్య తేడా 15, 20 దాటితే మోతలో ఎక్కువ భాగం బేసే.

సోన్ అనే కొలత ఇంకోటి ఉంది, 1936లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్స్ పెట్టింది. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్స్ అంటే 1 సోన్, 50 అంటే 2, 60 అంటే 4. వినేవాడికి ఎంత పెద్దగా అనిపిస్తుందో అది నేరుగా చెబుతుంది, నాకు చాలా నచ్చుతుంది. కానీ మన చట్టంలో లేదు, మామూలు మీటర్లలోనూ ఉండదు. అందులోంచి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత దాదాపు సగమవుతుంది.

డీజే అతనితో మాట్లాడేటప్పుడు "సౌండ్ తగ్గించు తమ్మీ" అంటే పాట మొత్తం తగ్గించాలేమో అని మొండికేస్తాడు. ‘సీ’ అంకె చూపించి సబ్‌ఊఫర్ ఒక్కటే తగ్గించమనండి. పాట పాటలాగే ఉంటుంది, ఆడేవాళ్లు ఆడుతూనే ఉంటారు. బండిని ఇళ్లకు కాస్త ఎడంగా ఆపించినా ఫలితముంటుంది: బయలు జాగాలో దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఇరుకు గల్లీలో రెండువైపులా గోడలుంటాయి కాబట్టి అంత తగ్గదు. అక్కడ సబ్‌ఊఫర్ మీదే పట్టుబట్టండి.