ఇంజనీరింగ్ అయ్యాక మాస్టర్సా, ఉద్యోగమా: ఏది మేలు?

నా మాట ముందే చెప్పేస్తాను. మాస్టర్స్‌లో ఏం చదవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఉద్యోగంలో చేరిపోండి. "ఇంకో డిగ్రీ ఉంటే మంచిదే కదా" అనుకుని వెళ్తే ఏం చేయాలన్న ప్రశ్న రెండేళ్లు వాయిదా పడుతుంది, అంతే. అదీ ఫీజు కట్టి మరీ.

అయితే అన్ని బ్రాంచీలకూ ఇదే లెక్క కాదు. మామూలు సాఫ్ట్‌వేర్ పనికి మాస్టర్స్ అక్కర్లేదు, ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్‌తో, అర్ధరాత్రి పడిపోయే సర్వర్లతో కుస్తీ పట్టినవాళ్లకు వచ్చే పనితనం క్లాసులో కూర్చుంటే రాదు. చిప్ డిజైన్, కంట్రోల్ సిస్టమ్స్, స్ట్రక్చరల్ డిజైన్ లాంటివి వేరు. బ్యాచిలర్స్‌లో వాటిని పైపైన చూసి వదిలేస్తాం, లోతంతా మాస్టర్స్‌లోనే ఉంటుంది, చాలా డిజైన్ టీములు కూడా అది చదివినవాళ్లనే ముందు పిలుస్తాయి. రీసెర్చే చేయాలని ఉంటే ఇక చదువే, సందేహం లేదు.

డబ్బు దగ్గర చాలామంది ఫీజు ఒక్కటే చూస్తారు. ఆ రెండేళ్లూ రాకుండా పోయే జీతం, లోన్ మీద పెరిగే వడ్డీ కూడా కలిపి చూడండి, అంకె మారిపోతుంది.

మరి ఉద్యోగంలో చేరితే మళ్లీ చదవగలమా? ఈ భయం సగం నిజం. విదేశాల్లో మాస్టర్స్‌కి రాసే జీఆర్ఈ పరీక్ష స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి లెక్కలు గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు. ప్రొఫెసర్లు మిమ్మల్ని మరచిపోకముందే రికమండేషన్ లెటర్ల సంగతి కదిపి ఉంచండి. అసలు అడ్డం జీతమే, నెలనెలా డబ్బు వస్తూ ఈఎంఐలు మొదలయ్యాక మళ్లీ స్టూడెంట్‌గా బతకడం ఎవరికైనా కష్టం.

మధ్యేమార్గమూ ఉంది. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది, ఉద్యోగం చేసుకుంటూ పూర్తిచేస్తున్నవాళ్లు బోలెడుమంది. సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రం మీవి కావు. ల్యాబ్‌లో చేయాల్సిన సబ్జెక్టులకు ఈ దారి పెద్దగా పనికిరాదు.

ఆఫర్ లెటరూ అడ్మిషనూ రెండూ చేతిలో ఉంటే, అడ్మిషన్‌ను వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చేమో యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. కొన్ని ఒప్పుకుంటాయి. కంపెనీలు ఏడాది ఆగడం అరుదు.