సుద్దముక్క గీతా, స్కెల్లిగ్ పద్యమా?

పాతకాలపు ఐర్లండ్ పల్లెల్లో సంబంధాలు చూడటం జనవరి 6 తర్వాత ఊపందుకునేది. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల్లో చర్చిలో పెళ్ళిళ్ళు చేసేవారు కాదు. అందుకే పెళ్ళిళ్ళ పేరయ్యలు పొలం, పశువులు, కట్నం అన్నీ మాట్లాడేసి, లెంట్‌కు ముందురోజైన ష్రోవ్ మంగళవారంలోపు ముడి వేయించేవారు.

అప్పటికీ ఒంటరిగా మిగిలినవాళ్ళను ఊరు ఆటపట్టించేది. చాలాచోట్ల అది సుద్ద ఆదివారం: లెంట్‌లో తొలి ఆదివారం చర్చికి వచ్చిన పెళ్ళికానివాళ్ళ కోటు వెనక పిల్లలు సుద్దతో గీత గీసేవారు. దులిపితే పోతుంది.

నైరుతి ఐర్లండ్‌లోని కార్క్, కెర్రీ కౌంటీల్లో సంగతి వేరు. కెర్రీ తీరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో స్కెల్లిగ్ మైకేల్ అనే రాతిదీవి ఉంది. ఐర్లండ్ 1752లో కొత్త క్యాలెండర్‌కు మారినా, ఆ దీవిలో పాతదే నడుస్తుందని, లెంట్ ఆలస్యంగా వస్తుందని జనం చెప్పుకునేవారు. అంటే ఇంకా టైముంది, పడవెక్కి వెళ్ళి పెళ్ళి చేసుకోవచ్చు! ఆ ఊహతో పెళ్ళికానివాళ్ళకు జంటలు కట్టి, పేర్లతో పద్యాలల్లి పంచేవారు. 19వ శతాబ్దపు కార్క్‌లో అవి అచ్చయ్యాయి కూడా.

కల్పనలో స్కెల్లిగ్ పద్యాలదే పైచేయి. అయినా నా ఓటు సుద్దగీతకే. తండ్రి పొలం రాసివ్వకో, కట్నం కుదరకో ఆగిపోయిన మనిషి పేరు ఊరంతా చదువుకోవడం చాలా బాధపెట్టే విషయం.