ఆపరేషన్ బల్లపై వెచ్చదనం: వాంతులు తగ్గడానికి ఏది మేలు?

వేడిగాలి దుప్పటి (యంత్రం నుంచి గొట్టం ద్వారా వెచ్చని గాలి నింపే దుప్పటి), సెలైన్‌ను వేడిచేసే పరికరం, కరెంటుతో వేడెక్కే పరుపు, ఈ మూడింటిలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలని విజయవాడ, గుంటూరుల్లోని చిన్న నర్సింగ్‌హోమ్‌ల వారు మత్తు వైద్యుడినైన నన్ను తరచూ అడుగుతుంటారు. ఆపరేషన్ తర్వాత రోగి రాత్రంతా వాంతులు చేసుకుంటుంటే బంధువులకు జవాబు చెప్పవలసినది వారే కనుక, ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను.

వెచ్చదనం వాంతుల మందుకు ప్రత్యామ్నాయం కాదు. స్త్రీలకు, పొగతాగనివారికి, బస్సు ప్రయాణం పడనివారికి లేదా మునుపటి ఆపరేషన్ తర్వాత వాంతులైనవారికి, ఆపరేషన్ అనంతరం మార్ఫిన్ జాతి మందులు అవసరమయ్యేవారికి ముప్పు ఎక్కువ. ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉంటే వాంతుల ముప్పు సుమారు 80 శాతం. అటువంటి వారికి ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ అనే వాంతుల మందులు ఇవ్వవలసిందే. వెచ్చదనం నేరుగా వాంతులను ఆపుతుందా అన్న విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకే వైపు మొగ్గడం లేదు. అయినా నేను దానికి ఇంత విలువ ఇవ్వడానికి కారణం వణుకు. స్పైనల్ (వెన్నులో మత్తు ఇంజెక్షన్) ఇచ్చిన రోగి చలికి వణికితే మనం వెంటనే ట్రమడాల్ అనే నొప్పి మందు ఎక్కిస్తాము. వణుకు ఆగుతుంది గాని, ఆ మందే కడుపులో తిప్పుతుంది. వణుకే రాకుండా చూస్తే ఆ ఇంజెక్షన్‌తో పనే ఉండదు.

అందుకే నా దృష్టిలో ఏ పరికరం అన్నదానికంటే ఎప్పుడు మొదలుపెట్టారన్నదే ముఖ్యం. మత్తు ఇవ్వగానే చర్మంలోని, కాళ్ళూ చేతుల్లోని రక్తనాళాలు వ్యాకోచించి, శరీరం లోపలి వేడి అంచులకు జారుకుంటుంది. మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత 1 నుంచి 1.5 డిగ్రీల వరకు పడిపోతుంది. ఆ జారుడు మొదలైన తరువాత కప్పిన దుప్పటి దానిని వెంటనే నిలపలేదు. ముప్పావు గంటలో ముగిసే సిజేరియన్‌లో అయితే అది పనిచేసేలోగానే రోగి బల్ల దిగుతుంది. మత్తుకు ముందే పది నుంచి ముప్పై నిమిషాలు కాళ్ళూ చేతులను వెచ్చబరిస్తే, లోపలి నుంచి జారుకోవడానికి తావు తగ్గుతుంది. మే నెల ఎండలో మన ఊళ్ళో రోగి ఆ వెచ్చదనాన్ని ఒంట్లోనే మోసుకొని వస్తాడు. పలుచని గౌనుతో ఏసీ గదిలో గంటసేపు కూర్చోబెట్టి దానిని పోగొట్టేది మనమే.

ఈ పనికి వేడిగాలి దుప్పటిని మించినది లేదు. ఖరీదే దాని లోపం, ఎందుకంటే దుప్పటిని ఒక్క రోగికే వాడి పారవేయాలి. ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి దుప్పటి లేకుండా గొట్టాన్ని నేరుగా బెడ్‌షీటు కింద పెట్టడం నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. స్పర్శ తెలియని కాలు కాలిపోతుంది. వేడినీళ్ళ సీసాలను ఒంటికి ఆనించి పెట్టడం కూడా అంతే ప్రమాదకరం.

సెలైన్‌ను వేడిచేయడం రెండవ స్థానంలో నిలుస్తుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్న ఒక లీటరు సెలైన్ పెద్దవారి శరీర ఉష్ణోగ్రతను సుమారు పావు డిగ్రీ తగ్గిస్తుంది కనుక, రెండు మూడు లీటర్లు ఎక్కే చోట అది తప్పనిసరి. అరలీటరు లేదా అంతకు మించితే 37 డిగ్రీలకు వేడిచేసి ఎక్కించాలని 2008లో బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి. అయితే అది మరింత చల్లబడకుండా ఆపుతుందే తప్ప, చల్లబడిన మనిషిని వెచ్చబరచలేదు.

పరుపును మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు గాని, బరువుకు నొక్కుకుపోయిన వీపులో రక్తప్రసరణ తగ్గడం వల్ల వేడి లోపలికి అంతగా చేరదు. ఏమీ కొనలేనివారు మామూలు దుప్పటి ఒక పొర కప్పినా చర్మం నుంచి పోయే వేడి దాదాపు మూడోవంతు తగ్గుతుంది.

కాబట్టి కొంటే వేడిగాలి యంత్రం కొనండి, దానిని థియేటర్లో కాక ముందు రోగి వేచి ఉండే మంచం పక్కన పెట్టండి. మంచం మీద ఉండగానే ఉష్ణోగ్రత చూడండి. 36 డిగ్రీలకు తక్కువగా ఉండి, ఆపరేషన్ అత్యవసరం కాకపోతే, ఆ అంకె దాటేవరకు మత్తు మొదలుపెట్టకండి.