ఏమ్స్ లింకన్ వే: చూడాల్సింది ఊరు దాటాకే

లింకన్ హైవే చూద్దామని అయోవా దాకా వచ్చి, ఏమ్స్ ఊళ్లో యూనివర్సిటీ ముందు నిలబడితే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఊళ్లో ఆ హైవే పేరు లింకన్ వే. అది సిగ్నళ్లు, సైరైడ్ సిటీ బస్సులు, గ్రోసరీ షాపులున్న మామూలు రోడ్డు. 1913లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా గీసిన దారి ఇదేనని గుర్తుచేసేది పేరొక్కటే. 1926లో యూఎస్ 30 నంబరిచ్చారు గానీ, ఇప్పుడా నంబరు ఊరికి దక్షిణాన ఉన్న బైపాస్‌ది. రాష్ట్ర రోడ్ల శాఖ ప్రధాన కార్యాలయం మాత్రం ఈ వీధిలోనే ఉంది. 1919 నుంచి 1953 దాకా దేశపు రోడ్ల శాఖను నడిపిన థామస్ మెక్‌డొనాల్డ్ చదివిందీ ఈ ఊళ్లోనే.

ఇక్కడ చదివే పిల్లల్ని చూడటానికి వచ్చే మన తల్లిదండ్రులకు వాడకానికి బాగానే ఉంటుంది. విద్యార్థుల భవనం మెమోరియల్ యూనియన్, లేక్ లావర్న్ చెరువు, షాపులుండే క్యాంపస్‌టౌన్ దీన్ని ఆనుకునే ఉన్నాయి. ఐ-35 ఇంటర్‌స్టేట్ హైవే నుంచి నేరుగా దీనిమీదకి దిగలేరు. 111వ ఎగ్జిట్‌లో యూఎస్ 30 గానీ, 113వ ఎగ్జిట్‌లో 13వ వీధి గానీ పట్టుకోవాలి. ఉత్తరం వైపు వెళ్లడానికి డఫ్ అవెన్యూ ఎక్కితే గూడ్స్ బండి వచ్చినప్పుడు గేటు దగ్గర ఇరుక్కుంటారు. గ్రాండ్ అవెన్యూలో అండర్‌పాస్ ఉంది, కాస్త చుట్టయినా అదే నయం. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం కారు తీయకపోవడం మేలు.

అసలు సరుకు తూర్పున ఉంది. ఇరవై మైళ్ల లోపే కోలో అనే ఊళ్లో రీడ్-నైలాండ్ కార్నర్ వస్తుంది. లింకన్ హైవే, విన్నిపెగ్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్లే జెఫర్సన్ హైవే కలిసిన కూడలి అది. పాత పెట్రోల్ బంకు, కెఫే, మోటెల్ మూడూ ఒకేచోట కనిపిస్తాయి. కెఫే తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి, శాకాహారులు టిఫిన్ వెంట తీసుకెళ్లండి. ఇంకా ముందుకెళ్తే టామాలో 1915 నాటి వంతెన. పిట్టగోడల్లోనే ‘లింకన్ హైవే’ అన్న అక్షరాలు కాంక్రీటులో పోతపోశారు. ఈ దారిలో ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడాలి. కారు పక్క వీధిలో ఆపి నడవండి.

టామా అని కొడితే జీపీఎస్ యూఎస్ 30 ఎక్కించేస్తుంది. నెవేడా (రాష్ట్రం కాదు, ఈ దారిలోని ఊరు), కోలోలను మధ్యలో స్టాపులుగా పెట్టుకోండి. ‘హైవేలు వద్దు’ ఆప్షన్ నొక్కితే కంకర రోడ్లలోకి తోస్తుంది, దానికన్నా పాత దారిని చూపే హెరిటేజ్ బైవే బోర్డులు నమ్ముకోవచ్చు. అక్టోబరులో మొక్కజొన్న కోత యంత్రాలు సగం పైగా రోడ్డు ఆక్రమిస్తాయి, ఎత్తు ఎక్కేచోట ఓవర్‌టేక్ చేయొద్దు. జనవరిలో ఎండ కాస్తున్నా గాలికి పొలాల్లోని మంచు రోడ్డు మీదకి కొట్టుకొస్తుంది. అలాంటి రోజు యూఎస్ 30 మీదే వెళ్లండి.