పాత చర్చి గోడకు ఏది మేలు: సిమెంటా, డంగు సున్నమా, ఎన్‌హెచ్‌ఎల్ సున్నమా?

వానాకాలం పోయాక పాత చర్చిల్లో ఏటా కనిపించేదే ఇది. లోపలి గోడకు మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పూత ఉబ్బుతుంది, తెల్లటి ఉప్పు పూస్తుంది, పెచ్చులు ఊడి పడతాయి. గీకేసి సిమెంటు కొడితే క్రిస్మస్ లోపు గోడ నున్నగా అవుతుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి అదే ఉప్పు మళ్లీ వస్తుంది, ఈసారి సిమెంటు పూత ఎక్కడ ఆగిందో దానికి పైన.

ఎందుకంటే చెమ్మ పోలేదు, దాని దారి మారిందంతే. వరంగల్, కరీంనగర్, మెదక్ వైపు పాత గోడలు చాలావరకు గ్రానైటువే. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కథీడ్రల్‌దీ గ్రానైటే. ఈ రాయి నీటిని దాదాపు పీల్చదు. కాబట్టి పునాది నుంచి ఎగబాకే చెమ్మ రావాలన్నా, ఎండి పోవాలన్నా రాళ్ల మధ్య దర్జల్లోని సున్నమే దారి. ఆ దర్జల్ని సిమెంటుతో మూస్తే తడి గోడ కడుపులోనే నిలిచిపోతుంది. గ్రానైటు గోడ బయటికి ఏళ్ల తరబడి బాగానే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. లోపల సున్నం పట్టు వదిలి పొడి అవుతుంది, గోడలో దిగిన దూలాల చివర్లు పుచ్చుతాయి, ఇనుప కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. ఇటుక, ఇసుకరాయి గోడలైతే ఇంత కూడా ఆగవు, వాటి ముఖమే పొరలుగా రాలిపోతుంది.

గట్టిదనం లెక్క చూసినా అంతే. సంచి మీద 43, 53 అని ఉండే సిమెంటు గ్రేడు 28 రోజుల పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు అది తట్టుకోవాల్సిన న్యూటన్లు. నేచురల్ హైడ్రాలిక్ లైమ్, అంటే నీటితోనే బిగుసుకునే ఎన్‌హెచ్‌ఎల్ సున్నం, మూడు రకాలు: 2, 3.5, 5. ఇవీ అదే లెక్కలో కనీస బలాలు. డంగు సున్నం, అంటే నానబెట్టి గానుగలో నూరిన మన మామూలు సున్నం, మొదటి నెలలో ఇంకా మెత్తన. పాత గోడకు ఈ మెత్తదనమే కావాలి. పునాది కాస్త కదిలినా, ఎండకు రాయి వ్యాకోచించినా పగులు దర్జలో పడాలి, రాయిలో కాదు. దర్జ మళ్లీ నింపుకోవచ్చు, రాయిని మళ్లీ తేలేం.

కాబట్టి సున్నంతో కట్టిన గోడకు సిమెంటు వద్దు. ఇక ఎంచుకోవాల్సింది రెండు సున్నాల మధ్య.

పొడిగా ఉండే గోడకు, లోపలి పూతకు డంగు సున్నమే మా మొదటి ఎంపిక. అయితే అది ఓపిక అడుగుతుంది. తాజాగా కాల్చిన సున్నపు రాళ్లు తెచ్చి తొట్టిలోని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల కుప్ప మీద నీళ్లు గుమ్మరిస్తే మరిగి చిమ్ముతుంది; కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి పోవద్దు. ఉడికాక జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నానబెట్టాలి. తొందరపడితే ఉడకని పలుకులు పూతలో తర్వాత ఉబ్బి గుంటలు పడతాయి. వెల్లకు అమ్మే పాత పొడి సున్నం దీనికి పనికిరాదు. అది గాలి తగిలి సగం చచ్చి ఉంటుంది. కొంచెం పొడి మీద పలుచని యాసిడ్ చుక్క వేస్తే బాగా పొంగిందంటే పక్కన పెట్టేయండి.

పాళ్లు: మామూలు పూతకు ఒక పాలు నానిన సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు కడిగిన గరుకు ఇసుక. చెమ్మ ఉండే కింది భాగానికి ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్ఖీ (ఇటుక పొడి), రెండు పాళ్లు ఇసుక. సుర్ఖీకి తక్కువ కాలిన ఇటుకే కావాలి, నల్లగా మాడిన ఇటుక పొడి సున్నంతో కలిసి బిగుసుకోదు. గానుగలో నూరితేనే జిగట వస్తుంది, పారతో తిప్పితే రాదు. బెల్లం, కరక్కాయ నీళ్లు కొద్దిగా చాలు. బెల్లం ఎక్కువైతే పూత బిగుసుకోవడమే ఆలస్యమవుతుంది, చీమలూ చేరతాయి.

ఒక్కో పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లకు మించవద్దు. గోడను ముందుగా తడపాలి, లేదంటే నీళ్లన్నీ లాగేసి పూత పగుళ్లు పడుతుంది. తర్వాత తడి గోనె సంచులు వేలాడదీసి కనీసం పది రోజులు కాపాడాలి. సున్నం గాలి పీల్చుకుని గట్టిపడే వేగం నెలకు సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే పని నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోవాలి. మన ఏప్రిల్ ఎండకు పూత బిగుసుకోకముందే ఎండిపోయి చేతికి పొడి రాలుతుంది.

ఎన్‌హెచ్‌ఎల్‌కు ఇంత తతంగం లేదు. నీళ్లు తగలగానే బిగుసుకోవడం మొదలవుతుంది, తడిలోనూ గట్టిపడుతుంది. గంటల గోపురం, పైగోడ అంచులు, వాన నేరుగా కొట్టే పడమటి గోడ దర్జలు, ఇలాంటిచోట డంగు సున్నం కన్నా ఇదే మేలు. 3.5 చాలు, 5 అడిగేవాళ్లు చాలామంది సిమెంటు అలవాటుతోనే అడుగుతారు. ఎక్కువగా యూరప్ నుంచి రావాలి కాబట్టి ఖరీదు. సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉండాలి. హెచ్‌ఎల్ (హైడ్రాలిక్ లైమ్), ఎఫ్‌ఎల్ (ఫార్ములేటెడ్ లైమ్) అని ఉన్నవాటిలో సిమెంటు కలిసి ఉండొచ్చు.

సున్నంలో తట్టెడు సిమెంటు కలిపితే రెండూ కలిసొస్తాయనే మాట నమ్మవద్దు. సిమెంటు ముందే బిగుసుకుని సున్నాన్ని సగంలో ఆపేస్తుంది. వచ్చేది రెండింటికన్నా బలహీనమైన పూత.

ఒక్క మినహాయింపు ఉంది. నిజాం రాజ్యంలో 1920లలోనే షాబాద్ సిమెంటు తయారవడం మొదలైంది. కాబట్టి 1930ల నాటి చర్చిల్లో కొన్ని భాగాలు మొదటి నుంచీ సిమెంటువే కావచ్చు. దర్జను గోరుతో, మేకుతో గీకి చూడండి. పొడిగా రాలితే సున్నం, గీత కూడా పడకపోతే సిమెంటు. అది తర్వాతి మరమ్మతు కాక మొదటి నుంచీ ఉన్నదే అయితే ఆ భాగానికి సిమెంటే వేయాలి.

ఏ సున్నం ఎంచుకున్నా ముందు బయటి నేల సంగతి చూడాలి. గోడ చుట్టూ పోసిన కాంక్రీటు చప్టా, ఏటా పెరిగిన మట్టి కలిసి చెమ్మను గోడలోకి తోస్తాయి. చప్టా అడుగున్నర వెడల్పున కోసి తీసేసి, లోపలి నేల కన్నా కనీసం అర అడుగు కిందికి తవ్వి, కంకర నింపి, వాన నీటి గొట్టాన్ని దూరంగా మళ్లించండి. ఒక వానాకాలం ఆగి చూస్తే చెమ్మ ఎంత తగ్గిందో, పూత వేయాల్సిన గోడ ఎంతో అప్పుడే తెలుస్తుంది. పూత మీద ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే చేసిందంతా వృథా. పాలలా పలుచగా కలిపిన సున్నం నాలుగైదు పూతలు వేయాలి. చర్చి వరంగల్ కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 300 మీటర్ల లోపు ఉంటే మరమ్మతుకైనా ముందే అనుమతి అడగండి. మొదటి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 నియంత్రిత ప్రాంతం.