విండోస్ 11 నుంచి మళ్లీ విండోస్ 10కి: నాలుగు నెలల వాడకం తరువాత

నిరుడు సెప్టెంబరులో నా కంప్యూటరుకు విండోస్ 11 వేయించుకున్న మరునాడు నేను మొదట తెరిచిన ఫైలు, కావలి చుట్టుపక్కల పల్లెల్లో వరినాట్ల వేళ ఆడవాళ్లు పాడుకునే పాటల సంపుటి. పదిహేనేళ్లుగా ఒక్కొక్క పాటా అడిగి రాసుకుని టైపు చేసిన ఆ ఫైలులో తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించలేదు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య ఏ భాషవో తెలియని గుర్తులు పరుచుకుని ఉన్నాయి. పక్కన నిలబడి చూస్తున్న మా మనుమడు "ఏంది తాతా ఇది, అక్షరాలన్నీ ఇట్టా అయిపోయినాయే?" అని అడిగాడు. కారణం తెలుసు కాబట్టి నేను కంగారు పడలేదు. అయితే నాలుగు నెలల తరువాత నేను విండోస్ 10కి తిరిగి రావడానికి దారి తీసిన ఆలోచన ఆ రోజే మొదలైంది.

ఆ ఫైలు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరులోనైనా ఒక్కొక్క అక్షరానికి ఒకే సంకేతం ఉండే పద్ధతిలో, టైపు చేసినది కాదు. డీటీపీ కేంద్రాల్లో వాడే పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను, గుడులను, వొత్తులను అమర్చుకుంటాయి. ఫాంటు ఉన్నంతవరకు అది చక్కని తెలుగు. ఫాంటు లేకపోతే అర్థం లేని ఇంగ్లీషు. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చి యూనికోడ్ తెలుగును మన ముందుకు తెచ్చినా, అచ్చుపని మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం పాత ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరుతోనే సాగింది. నా పాటలు కూడా నెల్లూరులో పుస్తకంగా అచ్చుకు పోవలసినవే కనుక నేనూ ఆ దారినే పట్టాను. నా దగ్గరున్న టైపింగ్ సాఫ్ట్‌వేరు, కంప్యూటరుకు తగిలించే తాళంచెవివంటి యూఎస్‌బీ లాకుతో పనిచేస్తుంది. ఆ లాకు పెట్టి, దానిని కంప్యూటరు గుర్తించేలా చేసే డ్రైవరు అనే ప్రోగ్రాము ఎక్కిస్తే తప్ప కీబోర్డులో తెలుగు పడదు. దానిని తయారుచేసినవారు కొత్త డ్రైవరు ఇవ్వడం ఎప్పుడో మానేశారు.

విండోస్ 11లో ఆ డ్రైవరు ఎక్కలేదు. దానికి కారణం మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ. కంప్యూటరు గుండెకాయవంటి కెర్నెల్‌లోకి ప్రవేశించే ప్రతి డ్రైవరునూ ప్రత్యేకంగా వేరు చేసిన జ్ఞాపకభాగంలో పరీక్షించి, నిబంధనలకు సరిపోని దానిని బయటే నిలిపివేయడం దాని పని. తగిన హార్డ్‌వేరు ఉన్న యంత్రంలో విండోస్ 11ను కొత్తగా వేస్తే ఇది దానంతట అదే పనిచేయడం మొదలుపెడుతుంది. విండోస్ 10లోనూ ఈ సౌకర్యం ఉంది గాని, మనం కోరి పెట్టుకోవాలి. కాబట్టి ఇక్కడ తప్పు విండోస్ 11ది అనడం న్యాయం కాదు. అది కాపలా పని సరిగానే చేసింది. సెట్టింగుల్లోకి వెళ్లి, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ అనే చోట ఆ రక్షణను ఆపేస్తే లాకు పనిచేసింది. ఫాంట్లు ఎక్కించుకున్నాక పాటలన్నీ మళ్లీ తెలుగులో కనిపించాయి.

అట్లా సర్దుకున్న తరువాత మళ్లీ వెనక్కి ఎందుకు వచ్చానన్నది ఎవరికైనా కలిగే సందేహమే. విండోస్ 11కు మారడానికి నాకున్న ఒకే ఒక్క కారణం భద్రత. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని తెలిసి, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, 8వ తరం ప్రాసెసరు నా యంత్రానికి ఉన్నాయి కనుక మారాను. తీరా మారాక, కొత్తదానిలో ఉన్న ముఖ్యమైన రక్షణను పనికోసం నా చేతులతోనే తీసేశాను. అటువంటప్పుడు అలవాటైన పనితీరును వదులుకున్నందుకు నాకు దక్కినది ఎంత అన్న ప్రశ్న వచ్చింది.

అలవాటు అనే మాటను చాలామంది తేలికగా తీసుకుంటారు. డెబ్బైకి దగ్గర పడుతున్న నా వంటివాడికి అది పనిలో సగం. నేను టాస్క్‌బారును తెర ఎడమ అంచున నిలువుగా పెట్టుకుంటాను. వెడల్పు తెరమీద పేజీకి నిలువు స్థలం మిగులుతుంది. పాటలో ఒక చరణం మొత్తం పైకీ కిందికీ జరపకుండా ఒక్క చూపులో కనిపిస్తుంది. విండోస్ 11 విడుదలైనప్పుడు టాస్క్‌బారును అడుగునుంచి పక్కకు జరిపే వీలును తొలగించారు, నేను వాడిన నాలుగు నెలల్లోనూ ఆ వీలు నాకు దొరకలేదు. మౌసు కుడి బటను నొక్కితే వచ్చే జాబితాలో నేను వాడేవి చాలావరకు మరో మెట్టు లోపలికి వెళ్లాయి. ఇవి చిన్న విషయాలే. కాని రోజుకు రెండు మూడు వందలసార్లు చేసే చిన్న విషయాలు.

తిరిగి రావడం అనుకున్నంత తేలిక కాదు, అనుకున్నంత కష్టమూ కాదు. విండోస్ 10 మీదనే 11ను అప్‌గ్రేడ్ చేసినవారికి పదిరోజులలోపు సెట్టింగుల్లోని రికవరీ విభాగంనుంచి వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. నాకు వేసిన సాంకేతిక నిపుణుడు సీ డ్రైవును ఫార్మాట్ చేసి కొత్తగా వేశాడు కాబట్టి ఆ దారి మొదటినుంచే మూసుకుపోయింది. మారదలచినవారు ఈ ఒక్క విషయాన్ని వేయించుకునే ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, ఫైళ్లన్నీ రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించుకుని, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవు తయారుచేసుకుని, 22హెచ్2 వెర్షన్ వేసుకున్నాను. ఇదే విండోస్ 10కి చివరి వెర్షన్. ఈ యంత్రం 2019లో విండోస్ 10తోనే వచ్చింది, దాని లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంది. అందువల్ల ప్రోడక్ట్ కీ అడిగిన చోట నా దగ్గర లేదని చెప్పి ముందుకు వెళ్లినా, ఇంటర్నెట్ తగలగానే అదే యాక్టివేట్ అయింది. ఊళ్లో కొన్ని దుకాణాల్లో కొద్ది డబ్బుకు వేసే దొంగ కాపీల జోలికి వెళ్లవలసిన అవసరం లేదు, వెళ్లకూడదు కూడా.

తెలుగు రాసేవారు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. విండోస్ 10 కొత్తగా వేసిన తరువాత గౌతమి, వాణి ఫాంట్లు వాటంతట అవి ఉండవు. నిర్మలా యూఐ మాత్రమే ఉంటుంది. గౌతమిలో టైపు చేసిన పాత వర్డ్ ఫైలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని వరుసలు, పేజీలు తారుమారవుతాయి. సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్స్ అనే చోట తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది. దానిని చేర్చుకుంటే రెండూ వస్తాయి. విండోస్ 11లోనూ ఇదే పద్ధతి. ఆ సంగతి అప్పుడు తెలియక నా వ్యాసాల పేజీ సంఖ్యలన్నీ చేత్తో దిద్దుకుంటూ మూడు రోజులు వృథా చేశాను. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక రానివారికి, ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే అప్‌డేట్‌నుంచి విండోస్ 10లోనే ఉంది. మా మనుమడు దానితోనే నాకు పాటలు టైపు చేసిపెడుతున్నాడు, అవి నేరుగా యూనికోడ్‌లోనే ఉంటున్నాయి.

వేగం విషయంలో పాతది వేస్తే కంప్యూటరు పరుగెత్తుతుందన్న మాటను నేను సమర్థించలేను. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న నా యంత్రంలో రెండింటికీ తేడా తెలియలేదు. పైగా విండోస్ 11లో ఒకే కిటికీలో అనేక ఫోల్డర్లను ట్యాబులుగా తెరిచే వసతి నాకు బాగా నచ్చింది. ఊరికొక ఫోల్డరు పెట్టుకున్న నా వంటివాడికి అది నిజమైన ఉపకారం, ఇప్పుడు అది లేని లోటు తెలుస్తూనే ఉంది.

భద్రత విషయాన్ని దాటవేసి ఎవరూ ఈ పని చేయకూడదు. ఇంట్లో సొంతానికి వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి, సెట్టింగులను వారి క్లౌడ్‌లో భద్రపరచడానికి ఒప్పుకుంటే రుసుము లేదు; లేదా 1000 రివార్డు పాయింట్లతోగాని, 30 డాలర్లతోగాని చేరవచ్చు. నేను మొదటి పద్ధతిలో చేరాను, నెలనెలా అప్‌డేట్లు వస్తున్నాయి. సంస్థలకు వేరే పథకం ఉంది. అందులో మొదటి సంవత్సరం యంత్రానికి 61 డాలర్లు, తరువాత ఏటేటా రెట్టింపు. డీటీపీ కేంద్రం నడిపేవారు ఈ లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోవడం మంచిది. ఇవికాక విండోస్‌తోనే వచ్చే వైరస్ నిరోధక ప్రోగ్రాము డిఫెండర్‌కు వైరస్ గుర్తింపు సమాచారం 2028 అక్టోబరు వరకు అందుతుంది. అయినా బ్యాంకు పనులు ఈ యంత్రంలో చేయడం నేను పూర్తిగా మానేశాను.

నెల్లూరులో నా పుస్తకానికి పేజీలు పెడుతున్న ఆపరేటరు, ఒకప్పటి నా విద్యార్థి, "అంత వెనక్కి పోయేటప్పుడు విండోస్ 7కే పోదాం సార్, పేజ్‌మేకరుకు అదే సుఖం" అన్నాడు. అతని పని తెలుసు కనుక ఆ మాటలోని బాధ నాకు అర్థమైంది, కాని ఒప్పుకోలేదు. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. క్రోమ్ బ్రౌజరు కూడా 109వ వెర్షన్‌తో దానిని వదిలేసింది. ఇంటర్నెట్ తీగ పూర్తిగా పీకేసిన యంత్రంలో, అచ్చుపనికి మాత్రమే అయితే అది వేరే సంగతి. ఈమెయిలు చూసుకునే యంత్రంలో దానిని వేయమని నేను ఎవరికీ చెప్పను.

పాత లాకులు, పాత ఫాంట్లు ఏవీ లేకుండా యూనికోడ్‌లోనే రాసుకునేవారు, యంత్రం అర్హమైనదైతే, విండోస్ 11లోనే ఉండడం మేలు; వారికి వెనక్కి రావడంవల్ల కలిసివచ్చేది లేదు. నా వంటివారికి విండోస్ 10 కొంత గడువు ఇస్తుంది, ఆ గడువును నేను ఒక పనికి కేటాయించాను. రోజుకు నాలుగైదు పాటల చొప్పున పాత ఫాంటునుంచి యూనికోడ్‌లోకి మార్చి, వొత్తులు తప్పిన చోట మూలప్రతితో సరిచూసుకుంటున్నాను. అల్లూరు వైపు సేకరించిన పాటలు పూర్తయ్యాయి, ఉదయగిరి వైపువి ఇంకా మిగిలి ఉన్నాయి. అక్టోబరులోగా అవి కూడా పూర్తయితే లాకును పక్కనపెట్టి, మెమరీ ఇంటెగ్రిటీ రక్షణను ఆపకుండానే విండోస్ 11 వేసుకుంటాను.