నీలం ఉంగరం: జాతి రాయా, కాచిన రాయా, యంత్రంలో పుట్టిన రాయా?

నీలం కొనడానికి వెళ్తే అంగడివారు మూడు నాలుగు రాళ్లు ముందు పెడతారు. అన్నీ ఒకేలా మెరుస్తాయి, ధరలకు మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. రంగు చూసి మురిసేముందు ఆ రాయికి ఏం చేశారో అడగాలి.

నీలమూ కెంపూ ఒకే ఖనిజం, కురువిందం. అందులో రవ్వంత క్రోమియం చేరితే కెంపు. ఇనుమూ టైటానియమూ జతకూడితే నీలం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 9.

ఏ మార్పూ చేయని జాతి నీలానిదే అగ్రస్థానం. కశ్మీర్‌లోని పాడర్ ప్రాంతంలో 1880ల తొలినాళ్లలో కొండచరియ విరిగిపడి బయటపడిన నీలాలకు మఖమలు లాంటి మెత్తని కాంతి ఉండేది. మేలైన రాళ్లు కొన్నేళ్లకే అడుగంటాయి కనుక వాటి ధర మనకు అందదు. శ్రీలంకలోని రత్నపుర రాయి అందుతుంది, అదీ కాచకుండా మంచి రంగున్నది దొరకడం అరుదు. శనికోసం ధరించేవారిలో చాలామంది ఇదే కోరుకుంటారు.

ఇక కాచిన రాయి. శ్రీలంకలో పాలలా మసకబారిన ‘గెవుడ’ రాళ్లను ఒకప్పుడు విలువలేనివిగా చూసేవారు. 1970లలో థాయ్ వర్తకులు వాటిని కొని, 1,500 డిగ్రీలు దాటిన కొలిమిలో కాచారు. రాయిలో సన్నని సూదుల్లా ఉన్న టైటానియం ఖనిజం కరిగి ఇనుముతో కలవడంతో నీలిరంగు తేలింది. ఆ రంగు వెలిసిపోదు. రాయి భూమిలో పుట్టినదే. అందుకే ఇంటి వేడుకకు ఉంగరం కొనేవారికి నా ఓటు దీనికే, రత్నాలను పరీక్షించే ప్రయోగశాల ధ్రువపత్రం చేతికొస్తేనే.

యంత్రంలో పెంచినదీ కురువిందమే, గాజు కాదు. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త వెర్నూయ్ 1902లో కృత్రిమ కెంపును ప్రకటించాడు, తర్వాత కొన్నేళ్లకు నీలమూ వచ్చింది. ఖరీదైన చేతి గడియారాల అద్దం కూడా ఇలా పెంచిన రంగులేని కురువిందమే. వెర్నూయ్ పద్ధతి రాయిని భూతద్దంలో చూస్తే రంగు గీతలు వంపు తిరిగి ఉంటాయి. జాతి రాయిలో అవి తిన్నగా, కోణాలుగా సాగుతాయి. రోజూ పెట్టుకోవడానికి ఇది చక్కని రాయి, తిరిగి అమ్మితే మాత్రం దాదాపు ఏమీ రాదు. ఈ సంగతి ముందే చెప్పి అమ్మే వర్తకుణ్ని నేను గౌరవిస్తాను.

నాకు కోపం తెప్పించేది నాలుగో రకం: పగుళ్ల నిండా కోబాల్ట్ కలిపిన సీసపు గాజు నింపి, ‘జాతి రాయే’ అని అమ్మేది. దీన్ని కొనవద్దు. మిగతా మూడింటినీ గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని బ్రష్‌తో కడిగి, వేరే రాళ్లకు గీతలు పడకుండా విడిగా దాచుకుంటే చాలు. గాజు నింపినది కంసాలి మంటకు తట్టుకోదు, నిమ్మరసం తగిలినా పాడవుతుంది. వంటింట్లో పులుసు కలిపే చేతికి అలాంటి ఉంగరం ఎలా తొడుగుతాం?